ఓడిపోయే సవరణలు ఎందుకు పెడతారు? బారిస్టర్ అసదుద్దీన్ ఒవైసీ: చార్మినార్ నుంచి లోక్‌సభ దాకా

2017 డిసెంబర్ 28. లోక్‌సభలో ట్రిపుల్ తలాఖ్ బిల్లు మీద ఓటింగ్ జరుగుతోంది. హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ పెట్టిన ఒక సవరణకు అనుకూలంగా 2 ఓట్లు వచ్చాయి. వ్యతిరేకంగా వచ్చినవి 241. సభలో ఎవరి బలం ఎంతో తెలిసిన వాళ్లెవరికీ ఈ ఫలితం ఆశ్చర్యం కలిగించలేదు.

అలాంటప్పుడు సవరణ పెట్టడం ఎందుకు? ఓటింగ్ కావాలని పట్టుబట్టడం ఎందుకు? మన ఇళ్లలో, హోటళ్లలో, మసీదు బయట చాలామంది అడిగే ప్రశ్నే ఇది. ఒక్క ఎంపీ మాట్లాడితే ఏమవుతుంది? బిల్లు ఎలాగూ పాసవుతుంది కదా? లా చదివి, ఎమ్మెల్యేగా పదేళ్లు, ఎంపీగా ఇరవై ఏళ్లకు పైగా పనిచేసిన ఒవైసీ ప్రయాణం చూస్తే ఈ ప్రశ్నకు కొంత జవాబు దొరుకుతుంది. ఆ పద్ధతితో ఏమి సాధ్యమో, ఏమి సాధ్యం కాదో రెండూ తెలుస్తాయి.

కుటుంబం, చదువు

అసదుద్దీన్ ఒవైసీ 1969 మే 13న హైదరాబాద్‌లో పుట్టారు. తాత అబ్దుల్ వాహెద్ ఒవైసీ వకీలు. మజ్లిస్-ఎ-ఇత్తెహాదుల్ ముస్లిమీన్ 1927లో నిజాం పాలనలో మొదలైన సంస్థ. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత నిషేధానికి గురైంది. దాదాపు పదేళ్ల తర్వాత దాని బాధ్యత అబ్దుల్ వాహెద్ ఒవైసీ చేతికి వచ్చింది. భారత రాజ్యాంగాన్ని ఒప్పుకుని ఎన్నికల్లో పోటీ చేసే పార్టీగా ఆయన దాన్ని మళ్లీ నిలబెట్టారు.

తండ్రి సుల్తాన్ సలాహుద్దీన్ ఒవైసీని పాతబస్తీ జనం సాలార్-ఎ-మిల్లత్ అని పిలిచేవారు. 1960లో హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్‌కు, 1962లో పత్తర్‌గట్టి నుంచి అసెంబ్లీకి గెలిచారు. 1984 నుంచి 2004 వరకు వరుసగా 6 సార్లు హైదరాబాద్ ఎంపీ.

అసదుద్దీన్ నిజాం కాలేజీలో బీఏ చేశారు. కాలేజీ రోజుల్లో ఫాస్ట్ బౌలర్‌గా పేరుంది. తర్వాత లండన్‌లోని లింకన్స్ ఇన్‌లో చదివి బారిస్టర్ అయ్యారు. తిరిగి వచ్చిన కొద్ది కాలానికే ఎన్నికల్లోకి దిగారు. అందుకే ఆయన లా చదువు కోర్టు గదిలో కంటే చట్టసభల్లోనే ఎక్కువగా పనికొచ్చింది.

1994: పార్టీకి మిగిలిన ఒకే ఒక్క సీటు

ఆయన మొదటి ఎన్నిక పార్టీకి గడ్డుకాలంలో వచ్చింది. 1992 డిసెంబర్‌లో బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత మజ్లిస్ నాయకత్వం మీద అసంతృప్తి పెరిగింది. 1993లో అమానుల్లా ఖాన్ బయటికి వెళ్లి మజ్లిస్ బచావో తహ్రీక్ పెట్టారు. 1994 అసెంబ్లీ ఎన్నికల్లో చాంద్రాయణగుట్ట, యాకుత్‌పురా సీట్లు తహ్రీక్ గెలుచుకుంది. మజ్లిస్‌కు చార్మినార్ ఒక్కటే మిగిలింది. అక్కడ గెలిచింది 25 ఏళ్ల అసదుద్దీన్.

అంటే ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో ఆయన ఐదేళ్లు తన పార్టీకి ఏకైక సభ్యుడు. పక్కన కూర్చునే పార్టీ సహచరుడు లేడు. మాట్లాడే టైమ్ కూడా పార్టీ బలాన్ని బట్టే ఇస్తారు కాబట్టి దొరికేది కొద్ది నిమిషాలు. ఆ కొద్ది నిమిషాల్లో చెప్పాల్సింది చెప్పాలంటే నియమావళి తెలియాలి, కాగితాలు చదివి రావాలి. తర్వాత ఢిల్లీలో కనిపించిన అలవాటుకు పునాది ఇక్కడే పడిందని అనుకోవచ్చు. 1999లో చార్మినార్ నుంచే మళ్లీ గెలిచారు. అదే ఎన్నికల్లో తమ్ముడు అక్బరుద్దీన్ చాంద్రాయణగుట్ట నుంచి అసెంబ్లీకి వచ్చారు.

2004: తండ్రి సీటు నుంచి లోక్‌సభకు

2004లో సలాహుద్దీన్ ఒవైసీ పోటీ నుంచి తప్పుకున్నారు. ఆ స్థానంలో అసదుద్దీన్ నిలబడి దాదాపు లక్ష ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. అప్పట్లో హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో తాండూరు, వికారాబాద్, చేవెళ్ల లాంటి గ్రామీణ ప్రాంతాలు కూడా ఉండేవి. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత, 2009 ఎన్నికల నాటికి అవి వేరయ్యాయి. ఇప్పుడు ఈ సీటు కింద మలక్‌పేట, కార్వాన్, గోషామహల్, చార్మినార్, చాంద్రాయణగుట్ట, యాకుత్‌పురా, బహదూర్‌పురా ఉన్నాయి.

2008 సెప్టెంబర్ 29న సలాహుద్దీన్ ఒవైసీ ఇంతెకాల్ అయ్యారు. ఆ తర్వాత పార్టీ అధ్యక్ష బాధ్యత అసదుద్దీన్ తీసుకున్నారు. 2009లో సియాసత్ పత్రిక ఎడిటర్ జాహెద్ అలీ ఖాన్ తెలుగుదేశం తరఫున పోటీకి రావడంతో ఆ ఎన్నిక గట్టిగా జరిగింది. ఒవైసీ 1.13 లక్షల ఓట్ల తేడాతో గెలిచారు. ఆ తర్వాత ఆధిక్యం 2014లో 2 లక్షలు, 2019లో 2.82 లక్షలు, 2024లో 3.38 లక్షలు దాటింది. 2024లో ఆయన మీద బీజేపీ తరఫున మాధవీలత పోటీ చేశారు.

కేంద్రంలో యూపీఏకు, రాష్ట్రంలో కాంగ్రెస్‌కు మజ్లిస్ చాలాకాలం మద్దతిచ్చింది. చార్మినార్ పక్కనున్న గుడి వివాదంలో ప్రభుత్వ తీరు నచ్చక 2012 నవంబర్‌లో ఆ మద్దతు వెనక్కి తీసుకుంది. అప్పటి నుంచి ఢిల్లీలో ఒవైసీ ఎవరి కూటమిలోనూ లేని ఎంపీగానే ఎక్కువగా కనిపిస్తారు.

మూజువాణి ఓటు, డివిజన్: తేడా ఏమిటి?

ఒవైసీ పద్ధతి అర్థం కావాలంటే సభ పనిచేసే తీరు కొంచెం తెలియాలి. బిల్లును ఒక్కో క్లాజు చొప్పున ఓటుకు పెడతారు. ఏ సభ్యుడైనా ఒక క్లాజులో మాట మార్చమనో, తీసేయమనో ముందుగా నోటీసు ఇవ్వొచ్చు. అదే సవరణ. స్పీకర్ దాన్ని చదివి, ఒప్పుకునేవాళ్లు అవును అనండి, ఒప్పుకోనివాళ్లు కాదు అనండి అంటారు. గొంతు ఎటువైపు ఎక్కువ వినిపిస్తే అది నెగ్గినట్టు. ఇదే మూజువాణి ఓటు. ఇందులో ఎవరు ఎటు ఉన్నారో రికార్డులో ఉండదు.

ఒక సభ్యుడు దీనికి ఒప్పుకోకుండా డివిజన్ అడిగితే లెక్క మారుతుంది. ప్రతి ఎంపీ తన సీటు దగ్గరున్న బటన్ నొక్కాలి, లేదా చీటీ మీద ఓటు వేయాలి. ఎవరి ఓటు ఎటో పేరుతో సహా రికార్డు అవుతుంది. బయట ఒక మాట, లోపల ఒక మాట చెప్పే అవకాశం తగ్గుతుంది.

2019 జులై 15న ఎన్ఐఏ సవరణ బిల్లు విషయంలో ఇదే జరిగింది. ఒవైసీ డివిజన్ అడిగారు. టెర్రరిజానికి ఎవరు వ్యతిరేకమో, ఎవరు కాదో దేశానికి తెలియాలి, డివిజన్ జరగాల్సిందే అని హోంమంత్రి అమిత్ షా కూడా అన్నారు. ఫలితం 278-6. అదే నెలలో వచ్చిన యూఏపీఏ సవరణ బిల్లు మీద 287-8. ఈ బిల్లు ఒక సంస్థనే కాదు, ఒక వ్యక్తిని కూడా టెర్రరిస్టుగా ప్రకటించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. కోర్టు శిక్ష వేయకముందే మనిషికి ఆ ముద్ర పడుతుందన్నది వ్యతిరేకించినవాళ్ల అభ్యంతరం. ఈ చట్టం ఇంత కఠినం కావడానికి కాంగ్రెస్ కూడా బాధ్యురాలేనని ఒవైసీ ఆ రోజు సభలోనే అన్నారు.

హైదరాబాద్‌కు ఇది పుస్తకాల్లో చదివిన విషయం కాదు. 2007 మే 18న మక్కా మసీదు పేలుడు తర్వాత పాతబస్తీ కుర్రాళ్లు చాలామంది అరెస్టయ్యారు, తర్వాత నిర్దోషులుగా బయటికొచ్చారు. కేసు పోయినా పోయిన చదువు, ఉద్యోగం తిరిగి రాలేదు. టెర్రర్ చట్టాల మీద హైదరాబాద్ ఎంపీ అంత పట్టుగా మాట్లాడటం వెనుక ఈ అనుభవం ఉంది.

తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ ఇంకోటి ఉంది. మజ్లిస్ మొదట రాష్ట్ర విభజనకు అనుకూలం కాదు. 2014 ఫిబ్రవరిలో విభజన బిల్లు లోక్‌సభకు వచ్చినప్పుడు ఒవైసీ సవరణలు పెట్టారు, అవి వీగిపోయాయి. ఉమ్మడి రాజధానిగా ఉన్నంత కాలం హైదరాబాద్ శాంతిభద్రతల మీద గవర్నర్‌కు ప్రత్యేక బాధ్యత ఇవ్వడం మీద ఆయనకు అభ్యంతరం ఉంది. ఎన్నికైన ప్రభుత్వం ఉండగా ఆ అధికారం గవర్నర్‌కు ఎందుకన్నది ప్రశ్న. రాష్ట్రం ఏర్పడ్డాక సెక్షన్ 8 మీద జరిగిన గొడవ అందరికీ గుర్తుండే ఉంటుంది.

తలాఖ్ బిల్లు: ఓడిన వాదన ఎక్కడికి వెళ్లింది?

మళ్లీ ఆ 2-241 దగ్గరికి వద్దాం. ఒకేసారి మూడుసార్లు తలాఖ్ చెప్పడం చెల్లదని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 22న తీర్పిచ్చింది. చెల్లనప్పుడు పెళ్లి అలాగే ఉంది కదా, మరి భర్తను జైల్లో పెడితే భార్యాపిల్లలకు ఖర్చులు ఎవరిస్తారు? ఇది ఒవైసీ వాదన. ప్రతిపక్షంలో ఇంకొందరూ ఇదే అడిగారు. తీర్పు వచ్చాక కూడా ఇలాంటి తలాఖ్‌లు ఆగలేదు కాబట్టి శిక్ష భయం ఉండాలన్నది ప్రభుత్వం జవాబు. కోర్టుకెక్కిన ముస్లిం మహిళల్లో కొందరు ఆ బిల్లును స్వాగతించారు కూడా.

సవరణలు ఓడాయి, బిల్లు లోక్‌సభలో పాసైంది. కానీ రాజ్యసభలో ఆగింది. 2019లో చివరికి చట్టం అయినప్పుడు మొదటి బిల్లులో లేని 3 విషయాలు అందులో ఉన్నాయి. ఒకటి, ఫిర్యాదు భార్య గానీ ఆమె రక్తసంబంధీకులు, పెళ్లి వల్ల బంధువులైనవాళ్లు గానీ ఇవ్వాలి, దారినపోయే వాళ్లు ఇస్తే కేసు కాదు. రెండు, భార్య మాట విన్నాక మేజిస్ట్రేట్ బెయిల్ ఇవ్వొచ్చు. మూడు, భార్య కోరితే రాజీకి వీలుంది. ఇవి ఒక్క ఒవైసీ వల్ల వచ్చాయని చెప్పలేం. చాలామంది, చాలా పార్టీలు అభ్యంతరం చెప్పాయి. మూడేళ్ల శిక్ష మాత్రం అలాగే ఉండిపోయింది. అయినా ఓడిపోయిన వాదన మొత్తం గాలికి పోదని ఈ 3 మార్పులు చూస్తే తెలుస్తుంది.

సభ నుంచి కోర్టు దాకా: వక్ఫ్ చట్టం

2019 డిసెంబర్ 9న పౌరసత్వ సవరణ బిల్లు మీద చర్చలో ఒవైసీ బిల్లు ప్రతిని చించేశారు. బిల్లు 311-80తో పాసైంది. ఆ ఫొటో, వీడియో దేశమంతా తిరిగాయి. ఆ తర్వాత ఆయన సుప్రీంకోర్టులో పిటిషన్ వేసిన సంగతి అంతగా ప్రచారం కాలేదు. వకీలు ఎంపీ పద్ధతిలో రెండో సగం ఇదే. సభలో చెప్పిన అభ్యంతరమే కోర్టు కాగితంగా మారుతుంది.

వక్ఫ్ సవరణ బిల్లు విషయంలో ఈ పద్ధతి మొత్తం కనబడుతుంది. 2024 ఆగస్టు 8న బిల్లు లోక్‌సభలోకి వచ్చింది. జగదంబికా పాల్ అధ్యక్షతన 31 మంది ఎంపీలతో జాయింట్ కమిటీ వేశారు. అందులో ఒవైసీ ఒక సభ్యుడు. కమిటీ రిపోర్టుతో విభేదిస్తూ ఆయన 200 పేజీలకు పైగా అసమ్మతి నోట్ ఇచ్చారు. 2025 ఏప్రిల్ 3 తెల్లవారుజామున బిల్లు 288-232తో లోక్‌సభ దాటింది, మర్నాడు 128-95తో రాజ్యసభ కూడా దాటింది. రాష్ట్రపతి సంతకం కాకముందే, ఏప్రిల్ 4న, ఒవైసీ సుప్రీంకోర్టుకు వెళ్లారు. జమియతుల్ ఉలమా నాయకులతో సహా ఇంకా ఎంతోమంది పిటిషన్లు వేశారు.

2025 సెప్టెంబర్ 15న కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. చట్టం మొత్తాన్ని ఆపలేదు, కొన్ని భాగాలు ఆపింది. వక్ఫ్ చేయాలంటే ఐదేళ్లుగా ఇస్లాం పాటిస్తున్నట్టు చూపాలన్న నిబంధన, రూల్స్ వచ్చేవరకు అమల్లో ఉండదు. భూమి ప్రభుత్వానిదా వక్ఫ్‌దా అన్న గొడవలో అధికారి చెప్పిందే ఆఖరు మాటగా రికార్డులు మార్చడం కుదరదు. ముస్లిమేతర సభ్యులు కేంద్ర కౌన్సిల్‌లో 4, రాష్ట్ర బోర్డులో 3 మించకూడదు.

రిజిస్ట్రేషన్ నిబంధనను మాత్రం కోర్టు ఆపలేదు. ఉమీద్ పోర్టల్‌లో ఆస్తుల వివరాలు ఎక్కించడానికి 6 నెలల గడువు ఉండేది. దాన్ని పొడిగించాలని ఒవైసీతో పాటు పలువురు కోర్టును కోరారు. 2025 డిసెంబర్ 1న కోర్టు ఒప్పుకోలేదు, ట్రిబ్యునల్‌కు వెళ్లమని చెప్పింది. అంటే మసీదు కమిటీలు, ముతవల్లీలు తమ దర్గా, ఖబ్రస్తాన్, ఈద్గా కాగితాలు సరిచూసుకోవడం ఎవరి పిటిషన్ కోసమూ ఆగే పని కాదు. కోర్టులో కేసు నడుస్తుంటుంది, రికార్డుల పని ఇక్కడ మన ఊళ్లోనే జరగాలి.

హైదరాబాద్ బయట పార్టీ

ఒక్క సీటు పార్టీగా ఉండటం ఇష్టం లేక మజ్లిస్ ఇతర రాష్ట్రాలకు వెళ్లింది. 2014లో మహారాష్ట్ర అసెంబ్లీలో 2 సీట్లు వచ్చాయి. 2019లో ఇంతియాజ్ జలీల్ ఔరంగాబాద్ నుంచి లోక్‌సభకు గెలిచారు. 2020లో బీహార్ సీమాంచల్‌లో 5 సీట్లు వచ్చాయి, కానీ 2022లో వాళ్లలో నలుగురు ఆర్జేడీలోకి వెళ్లిపోయారు. 2024లో జలీల్ ఓడిపోవడంతో లోక్‌సభలో పార్టీ మళ్లీ ఒక్కరికి వచ్చింది. 2025 నవంబర్‌లో బీహార్‌లో తిరిగి 5 సీట్లు గెలిచింది. తెలంగాణ అసెంబ్లీలో 2014 నుంచి ఇప్పటిదాకా జరిగిన 3 ఎన్నికల్లోనూ 7 సీట్లే.

ఈ తిరుగుడులోనే 2022 ఫిబ్రవరి 3న ఉత్తరప్రదేశ్‌లోని హాపుడ్ దగ్గర టోల్ ప్లాజాలో ఆయన కారు మీద కాల్పులు జరిగాయి. ఆయనకు దెబ్బ తగల్లేదు. ప్రభుత్వం జెడ్ కేటగిరీ భద్రత ఇస్తామంటే, నాకు జెడ్ కేటగిరీ వద్దు, అందరిలాగా ఏ కేటగిరీ పౌరుడిగా ఉండాలి అన్న అర్థంలో సభలో మాట్లాడారు. 2025లో ఆపరేషన్ సిందూర్ తర్వాత ప్రభుత్వం విదేశాలకు పంపిన అఖిలపక్ష బృందాల్లో ఆయన ఉన్నారు. బైజయంత్ పాండా నాయకత్వంలోని ఆ బృందం సౌదీ అరేబియా, కువైట్, బహ్రెయిన్, అల్జీరియా వెళ్లింది. దేశంలో ప్రభుత్వాన్ని అంతగా విమర్శించే మనిషి అక్కడ భారత్ వైపు వాదించారు.

విమర్శలు

ఒవైసీ మీద విమర్శలు బయటి నుంచే కాదు, మన సముదాయం లోపలి నుంచి కూడా ఉన్నాయి.

ఇతర రాష్ట్రాల్లో మజ్లిస్ పోటీ వల్ల ముస్లిం ఓట్లు చీలి బీజేపీకి లాభమవుతోందని కాంగ్రెస్, ఆర్జేడీ లాంటి పార్టీలు అంటాయి. ఎక్కడైనా పోటీ చేసే హక్కు తమకుందని, ముస్లింల ఓటు ఎవరి సొత్తూ కాదని మజ్లిస్ జవాబు.

2023 సెప్టెంబర్ 20న మహిళా రిజర్వేషన్ బిల్లు 454-2తో పాసైంది. ఆ రెండు ఓట్లు ఒవైసీవి, జలీల్‌వి. ఓబీసీ, ముస్లిం మహిళలకు అందులో వాటా లేదన్నది వాళ్ల కారణం. ఆ వాటా కోసం ముందు బిల్లుకు మద్దతిచ్చి తర్వాత పోరాడొచ్చు కదా అన్న మాట కూడా వినిపించింది.

చట్టం, రాజ్యాంగం గురించి సభలో మాట్లాడే పార్టీ వాళ్లే వీధిలో చట్టాన్ని చేతుల్లోకి తీసుకుంటే ఎలా అన్నది ఇంకో ప్రశ్న. 2007 ఆగస్టులో హైదరాబాద్ ప్రెస్ క్లబ్‌లో రచయిత్రి తస్లీమా నస్రీన్ మీద మజ్లిస్ ఎమ్మెల్యేలు దాడి చేయడం పార్టీకి తగిలిన పెద్ద మచ్చ.

చివరిది పాతబస్తీ. తాత, తండ్రి, కొడుకులు కలిపి ఆరు దశాబ్దాలకు పైగా ఒకే కుటుంబం చేతిలో ఉన్న పార్టీ ఇది. ఇంత పట్టు ఉండి కూడా పాతబస్తీలో రోడ్లు, డ్రైనేజీ, మెట్రో విషయంలో ఇంకా వెనకబాటు ఎందుకని అక్కడి ఓటర్లే అడుగుతారు. పార్టీ వాళ్లు దారుస్సలాం కాలేజీలు, ఒవైసీ ఆసుపత్రి చూపిస్తారు. ప్రశ్న మాత్రం ప్రతి ఎన్నికలో మళ్లీ వస్తుంది.

లెక్క తేలేది ఎక్కడ?

543 మంది ఉన్న సభలో ఒక్క ఓటుతో బిల్లు ఆగదు. తలాఖ్ బిల్లు ఆగలేదు, యూఏపీఏ ఆగలేదు, వక్ఫ్ బిల్లు కూడా ఆగలేదు. ఆ మేరకు మొదట అడిగిన ప్రశ్న న్యాయమైనదే. కానీ ప్రతి సవరణ రాతలో ఉంటుంది. ఎవరు ఎటు బటన్ నొక్కారో పేర్లుంటాయి. రేపు కోర్టులో ఆ చట్టం మీద వాదన జరిగేటప్పుడు, పదేళ్ల తర్వాత ఎవరైనా దాన్ని మార్చాలనుకున్నప్పుడు, ఆ రోజే ఈ అభ్యంతరం చెప్పారు అని చూపించడానికి కాగితం ఉంటుంది. ఓడిపోయే సవరణతో అయ్యే పని అంత వరకే. అంతకు మించి కావాలంటే సభలో 2 ఓట్లు సరిపోవు.

లోక్‌సభ చర్చల రికార్డులు ఎవరైనా చూడొచ్చు. ఒవైసీవే కాదు, కర్నూలు, గుంటూరు, నిజామాబాద్, కడప, ఏ ఊరి ఎంపీ అయినా సరే, ఆ 288లో ఉన్నారా, 232లో ఉన్నారా అన్నది అక్కడ పేరుతో సహా ఉంది. ఓటు అడగడానికి ఇంటికొచ్చినప్పుడు అడిగే హక్కు ప్రతి కుటుంబానికీ ఉంది.

ఒక చూపులో

పుట్టిన తేదీ: 1969 మే 13, హైదరాబాద్
చదువు: నిజాం కాలేజీలో బీఏ, లండన్ లింకన్స్ ఇన్‌లో బారిస్టర్
ఎమ్మెల్యే: చార్మినార్, 1994, 1999
ఎంపీ: హైదరాబాద్, 2004, 2009, 2014, 2019, 2024
పార్టీ అధ్యక్షుడు: 2008 నుంచి
సుప్రీంకోర్టులో పిటిషన్లు: పౌరసత్వ సవరణ చట్టం, ప్రార్థనా స్థలాల చట్టం 1991 అమలు, వక్ఫ్ సవరణ చట్టం 2025